మొదటిసారి మడత కత్తి చేయించుకుంటున్నా, మేకర్‌కి ఏం చెప్పాలి, ఏం ఆయనకే వదిలేయాలి?

జేబుచాకు:

అందరికీ నమస్తే. చాలా ఏళ్లుగా జేబులో ఏదో ఒక మడత కత్తి లేకుండా నేను బయటికెళ్లిన రోజు లేదు, ఓపినెల్ కంపెనీ నంబర్ 8 ఒకటి, లైనర్ లాక్ (తెరిచాక బ్లేడ్ మూసుకోకుండా లోపలి రేకు పట్టి ఉంచే లాక్) ఉన్న ఫ్యాక్టరీ కత్తి ఇంకొకటి, రెండూ బాగానే పనిచేస్తాయి, వాటి మీద కంప్లయింట్ ఏం లేదు. కానీ ఒక మనిషి మొదట్నుంచి చివరిదాకా తన చేత్తో చేసిన కత్తి, అదీ నా చేతి కోసమని చేసింది, ఒక్కటన్నా ఉండాలని ఎప్పట్నుంచో కోరిక. నాకు బాగా నచ్చిన మేకర్ ఒకాయన మళ్లీ ఆర్డర్లు తీసుకుంటున్నాడని తెలిసి వెంటనే రాశా.

మూడు రాత్రులు కూర్చుని డ్రాయింగ్ గీసి పంపా. బ్లేడ్ 90 మిల్లీమీటర్లు, పిడి 100 మిల్లీమీటర్లు, డ్రాప్ పాయింట్ (వీపు మొన వైపు వంగి దిగే షేపు), డమాస్కస్ స్టీలు (పొరల నమూనా కనబడే స్టీలు), ఎబొనీ అనే నల్ల చెక్క పిడి, బొటనవేలితో తెరవడానికి థంబ్ స్టడ్, జేబుకి తగిలించే క్లిప్, లైనర్ లాక్, అన్నీ రాసి పంపా. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు కానీ చిన్నగా ఇచ్చాడు. ఈ కొలతలతో కత్తి మూసుకోదండీ అన్నాడు, దీంతో మీరు రోజూ ఏం కోస్తారు, ఏ చేత్తో వాడతారు, మీరుండే చోట లాక్ ఉన్న కత్తి జేబులో పెట్టుకు తిరగొచ్చా, ముందు ఈ మూడూ చెప్పండి డ్రాయింగ్ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

పిడి బ్లేడ్ కంటే 10 మిల్లీమీటర్లు పెద్దది కదా, మరి ఎందుకు మూసుకోదు? ఇంకోటి, నా డబ్బు పెట్టి నేను చేయించుకుంటున్నప్పుడు ఎంతవరకు నేను చెప్పాలి, ఎక్కడ ఆగాలి? సగం అడ్వాన్స్ అడిగాడు, ఎనిమిది నెలలు పడుతుందన్నాడు, ఇది మామూలేనా? నా వాడకం పెద్దదేం కాదు, పార్సిళ్లు విప్పడం, తాడు కోయడం, పండు కోసుకోవడం, పెన్సిల్ చెక్కడం. అంతే.

కొలిమిపక్కన:

నేను అమ్మకానికి చేయను కానీ తొమ్మిదేళ్లుగా స్లిప్‌జాయింట్లు, అంటే లాక్ లేకుండా వీపు స్ప్రింగు మీదే నిలిచే మడత కత్తులు, చేస్తున్నా, అందుకని మీ మొదటి ప్రశ్న నాకు బాగా దగ్గరైంది, దానికే జవాబిస్తా.

బ్లేడ్ పొడవు మనం పిడి ముందు అంచు నుంచి మొన దాకా కొలుస్తాం. కానీ బ్లేడ్ తిరిగేది అక్కడ కాదు, పివట్ పిన్ను దగ్గర. ఆ పిన్ను పిడి లోపల, ముందు అంచుకి ఒక 8 మిల్లీమీటర్లు వెనక ఉందనుకోండి. అప్పుడు పిన్ను నుంచి మొన దాకా 90 కి 8 కలిపి 98. అదే పిన్ను నుంచి పిడి చివరిదాకా చూస్తే 100 లోంచి 8 తీసేసి 92. అంటే మూసినప్పుడు మొన పిడి దాటి 6 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, జేబులో చెయ్యి పెడితే నేరుగా గుచ్చుకుంటుంది. పైగా పిడి చివర పిన్ను ఒకటి ఉంటుంది, లేకపోతే రెండు చెక్కల మధ్య ముక్క ఉంటుంది, దాన్నీ వదిలేయాలి కాబట్టి మొన ఇంకాస్త ముందే ఆగాలి. మీ దగ్గరే ఓపినెల్ 8 ఉందన్నారు కదా తీసి కొలవండి, బ్లేడ్ 8.5 సెంటీమీటర్లు, మూస్తే దాదాపు 11. ఆ రెండున్నర సెంటీమీటర్ల తేడా అందుకే. మీకు 90 బ్లేడ్ కావాలంటే పిడి 115 దరిదాపుల్లో ఉండాలి, పిడి 100 మించొద్దంటే బ్లేడ్ 75 కి దింపుకోవాలి.

ఇది పొడవు సంగతి మాత్రమే, వెడల్పు ఇంకో తలనొప్పి. మూసినప్పుడు పదునంచు పిడి లోపలికి పూర్తిగా దిగాలి, కానీ లోపల వీపు వైపు స్ప్రింగుకి మాత్రం తగలకూడదు, తగిలితే మూసిన ప్రతిసారీ ఆ ఒక్కచోట పదును చచ్చిపోతుంది. అందుకే బ్లేడ్ మొదట్లో, పదును మొదలయ్యే చోటుకి కాస్త ముందు, చిన్న మడమ లాంటిది వదులుతాం, దాన్ని కిక్ అంటాం, అది స్ప్రింగు మీద కూర్చుని అంచుని పైకెత్తి ఉంచుతుంది. ఆ కిక్కుని అర మిల్లీమీటర్ ఎక్కువ రుద్దేస్తే బ్లేడ్ లోపలికి జారి అంచు స్ప్రింగుకి తగులుతుంది, తక్కువ రుద్దితే మొన బయటికి తొంగి చూస్తుంది. డ్రాయింగులో అందంగా కనబడే వెడల్పాటి బ్లేడ్లు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి.

మీకు నా సలహా, గట్టి అట్టముక్క తీసుకోండి. బ్లేడ్ ఒకటి, పిడి ఒకటి కత్తిరించి పివట్ ఉండాల్సిన చోట గుండుసూది గుచ్చండి. తెరవండి, మూయండి. పిడి అట్ట చేత్తో పట్టుకుని పెన్సిల్ చెక్కుతున్నట్టు, తాడు కోస్తున్నట్టు పట్టు మార్చి చూడండి, నాలుగు వేళ్లూ పడుతున్నాయా, చిటికెన వేలు బయట వేలాడుతోందా చూడండి. ఆ అట్ట నాలుగైదుసార్లు మార్చాక వచ్చేదాన్ని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపితే ఏ మేకరైనా సంతోషపడతాడు. నేనైతే మీ చెయ్యి ఔట్‌లైను కూడా తెల్లకాగితం మీద గీసి పంపమంటా.

సానరాయి:

పైన అన్నదంతా ఒప్పుకుంటా. నేను చేసేవాణ్ని కాదు, చేయించుకునేవాణ్ని, ఇప్పటికి ఆరు చేయించుకున్నా, అందులో రోజూ వాడేవి రెండే. మిగతా నాలుగూ ఎందుకు డ్రాయర్లోనే ఉండిపోయాయో ఆలోచిస్తే ఆ నాలుగూ నేను అంగుళం అంగుళం చెప్పి చేయించినవి. వాడుతున్న రెండూ నేను పని చెప్పి, సైజు చెప్పి, లాక్ చెప్పి, మిగతాది మీ ఇష్టమండీ అని వదిలేసినవి. ఒకాయన చేతికి పదేళ్లుగా అలవాటైన వంపు ఒకటి ఉంటుంది, ఆయన పాత కత్తులన్నింట్లో అదే వంపు కనబడుతుంది, మనకి ఆయన నచ్చింది కూడా దానివల్లే, మళ్లీ మనమే దాన్ని మార్చమని అడిగితే ఆయన ఆ మోడల్ మొదటిసారి చేస్తున్నట్టే కదా, ఆ మొదటిసారి తప్పులన్నీ మన కత్తిలోకే వస్తాయి.

ఇక స్టీలు. డమాస్కస్ చూడ్డానికి బాగుంటుంది నిజమే, కానీ మీరు చెప్పిన పనులకి అది వేరే స్టీళ్ల కంటే బాగా కోస్తుందని మాత్రం అనుకోవద్దు, దాని డబ్బంతా ఆ నమూనాకే పోతుంది. మాగ్నాకట్ అని 2021 లో వచ్చింది, లారిన్ థామస్ డిజైన్ చేశాడు, తుప్పు పట్టదు, పదును నిలుస్తుంది, తొందరగా పెచ్చులూడదు, గొప్ప స్టీలు. ఏఈబీ-ఎల్ అని ఇంకోటుంది, అసలు షేవింగ్ బ్లేడ్ల కోసం తయారైంది, 13 శాతం దాకా క్రోమియం ఉంటుంది, మామూలు సానరాయి మీదే చక్కగా పదునెక్కుతుంది. 52100 బేరింగులకి వాడే స్టీలు, పదును అద్భుతం, కానీ పండు కోసి తుడవకుండా మూసేస్తే మచ్చపడుతుంది. నా మాట వింటే మేకర్‌ని ఏ స్టీలు వాడతారు అని కాదు, మీరు ఎక్కువగా ఏ స్టీలు వాడతారు, హీట్ ట్రీట్‌మెంట్ (స్టీలుని కాల్చి గట్టిపరిచే పని) మీరే చేస్తారా బయట చేయిస్తారా, హార్డ్‌నెస్ టెస్ట్ చేసి చూస్తారా అని అడగండి. బయట చేయిస్తే తప్పేం కాదు, స్టెయిన్‌లెస్‌కి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి కచ్చితంగా నిలబెట్టాలి, చాలామంది మంచి మేకర్లే మంచి ఫర్నేస్ ఉన్నచోటికి పంపించుకుంటారు. ఆ ప్రశ్నకి తడబడకుండా జవాబిచ్చే మనిషి కావాలి మనకి, అంతే.

స్టీలు పేరు కంటే ముఖ్యమైనది ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు, పదునంచుకి సరిగ్గా పైన బ్లేడ్ మందం ఎంత. అక్కడ 0.3 మిల్లీమీటర్ ఉన్న కత్తి అట్టపెట్టెలో వెన్నలో దిగినట్టు దిగుతుంది, అదే 0.7 ఉంటే ఎంత మంచి స్టీలైనా గొడ్డలిలా చీలుస్తుంది. పండ్లు, పెన్సిళ్లు, పార్సిళ్లు అన్నారు కాబట్టి పల్చగా ఫుల్ ఫ్లాట్ గ్రైండ్, అంటే వీపు నుంచి అంచు దాకా తిన్నగా పల్చబడేలా, అడగండి, దీంతో మూతలు తిప్పను పెళ్లగించను అని మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి కూడా.

అడ్వాన్స్ గురించి నాకు జరిగింది చెప్తా. మూడోసారి ఆర్డరిచ్చినప్పుడు మొత్తం డబ్బు ముందే ఇచ్చేశా, అడిగింది ఆయనే, నేనూ మొహమాటపడ్డా. ఏడాది అన్నాడు, రెండేళ్లయింది, మొదట్లో ఫొటోలొచ్చాయి, తర్వాత ఆరోగ్యం బాలేదన్నాడు, తర్వాత మెసేజ్‌లే ఆగిపోయాయి. కత్తీ రాలేదు డబ్బూ రాలేదు. ఆయన మోసగాడని ఇప్పటికీ అనుకోను, పాత ఆర్డర్ల డబ్బు ఖర్చైపోయి వాటి పని చేస్తూ కొత్త వాళ్ల డబ్బుతో బతకాల్సిన పరిస్థితిలో పడి ఉంటాడు, ఈ రంగంలో ఆ గుంటలో పడినవాళ్లున్నారు. అప్పట్నుంచి నా పద్ధతేంటంటే లిస్టులో పేరుకి డబ్బివ్వను, నా కత్తి బల్ల మీదికొచ్చి పని మొదలైనప్పుడు మెటీరియల్ మేరకు ఇస్తా, మిగతాది పూర్తయిన కత్తి వీడియో చూశాక. మీ మేకర్ సగం ఇప్పుడే అడుగుతున్నాడా, మీ వంతు వచ్చినప్పుడా, అది కనుక్కోండి, రెండింటికీ చాలా తేడా ఉంది.

కొలిమిపక్కన:

అడ్వాన్స్ విషయంలో చేసేవాళ్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి సానరాయి గారూ. ఆయన ఎప్పుడూ చేసే మోడలైతే మీరు వద్దన్నా ఇంకొకరు కొంటారు, దానికి అడ్వాన్స్ అడగడం నాకూ నచ్చదు. కానీ పిడి మీద ఫలానా గుర్తు చెక్కాలి, ఫలానా కొమ్ము తెప్పించాలి, కొలతలు ఆ మనిషికే సరిపోవాలి అన్నప్పుడు ఆ కత్తిని మధ్యలో వదిలేస్తే దాన్ని ఇంకెవరూ కొనరు, ఆ రెండు మూడు వారాల పని గంగలో కలిసినట్టే. అలాంటప్పుడు కొంత అడ్వాన్స్ న్యాయమే. ఏదేమైనా మాట్లాడుకున్నవన్నీ ఒక్కచోట రాసుకోండి, కొలతలు, స్టీలు, పిడి, లాక్, మొత్తం ఎంత, ఎప్పుడు ఎంత ఇవ్వాలి, ఎప్పటికి ఇస్తారు, ఆలస్యమైతే ఏంటి, వచ్చాక నచ్చకపోతే ఏంటి. పెద్ద అగ్రిమెంటేం అక్కర్లేదు ఒక్క మెయిల్ చాలు. సగం మనస్పర్థలు నేననుకున్నది వేరు మీరనుకున్నది వేరు అన్న దగ్గరే వస్తాయి.

ఎడమచేతివాటం:

ఏ చేత్తో వాడతారు అని ఆయనే అడిగాడంటే మంచి మేకర్ దొరికాడు మీకు. నేను పుట్టు ఎడమచేతివాటం, మొదటిసారి చేయించినప్పుడు నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. కుడిచేతివాళ్ల కోసం చేసిన లైనర్ లాక్‌ని ఎడమ చేత్తో పట్టుకుంటే, గట్టిగా కోసేటప్పుడు మన వేళ్లే లాక్ రేకుని పక్కకి తోసే వైపు పడతాయి, మూయడానికి బొటనవేలు అందదు చూపుడువేలు వంకరగా పెట్టాలి. గోటితో తెరిచే కత్తైతే ఆ గోటి గాడి కూడా కుడిచేతికి వీలైన వైపే ఉంటుంది. చేయించుకునేటప్పుడే చెప్తే మొత్తం అద్దంలో బొమ్మలాగా తిప్పి చేస్తారు, తర్వాత మార్చడం దాదాపు కుదరదు. మీరు కుడిచెయ్యి అయినా ఇంట్లో ఇంకెవరైనా వాడతారేమో ఆలోచించుకోండి.

పిడి గురించి కూడా ఒకటి. ఏనుగు దంతం జోలికి అసలు పోవద్దు, ఆఫ్రికా ఏనుగుని 1989 లోనే సైటిస్ (అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో పెట్టాలని నిర్ణయించారు, సరిహద్దు దాటితే కత్తితో సహా పోతుంది. రోజ్‌వుడ్ జాతి దాదాపు మొత్తం కూడా 2017 నుంచి రెండో జాబితాలో ఉంది, ఇంకో దేశం నుంచి తెప్పించుకుంటుంటే ఏ కాగితాలు కావాలో ముందే అడగండి. ఎబొనీ అన్నారు, రంగు చాలా బాగుంటుంది కానీ ఎండిన గాల్లో సన్నటి పగుళ్లొచ్చే చెక్క అది, అందులోనూ పిడి చెక్కలు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమే కదా. చెక్కే కావాలంటే రెసిన్ పట్టించిన చెక్క అడగండి, లేకపోతే మికార్టా. మికార్టా అంటే గుడ్డో కాగితమో పొరలుపొరలుగా రెసిన్లో తడిపి గట్టిగా నొక్కింది, చూడ్డానికి మొదట్లో సాదాగా ఉంటుంది, ఏడాది వాడాక మన చేతి రంగు దానికెక్కుతుంది, నా కత్తుల్లో నాకిష్టమైన పిడి అదే.

జేబుచాకు:

అందరికీ చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అట్ట పని నిన్నా ఇవాళా చేశా. నిజంగానే మొన బయటికొచ్చింది, చూసి ఆశ్చర్యపోయా, మూడు రాత్రులు గీసినా ఇది తట్టలేదు. ఇప్పటికి ఐదు అట్టలయ్యాయి. బ్లేడ్ 78, పిడి 104 దగ్గర ఆగింది, పివట్ 9 మిల్లీమీటర్ల లోపల పెట్టా, ఇప్పుడు మూసుకుంటోంది, చివర కాస్త జాగా కూడా మిగిలింది. ఇంకో విషయం తెలిసింది, పెన్సిల్ చెక్కేటప్పుడు నా చూపుడువేలు బ్లేడ్ వీపు మీద ఉంటోంది, నేను గీసిన డ్రాప్ పాయింటులో వీపు మొన వైపు వంగి ఉండటం వల్ల వేలు జారుతోంది. వీపు తిన్నగా ఉండే షేపులైతే నయమేమో.

ఆయన మూడు ప్రశ్నలకీ జవాబు రాశా. నేను కుడిచెయ్యి. నేను ఎక్కువగా తిరిగే చోట లాక్ ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేదు, కానీ ప్రయాణాల్లో వేరే దేశాల్లో కూడా దగ్గర ఉంచుకోవాలని ఉంది. సగం డబ్బు ఇప్పుడు కాదట, పని మొదలైనప్పుడట. ఇక తేల్చుకోలేనిది ఒక్కటే, లైనర్ లాకా స్లిప్‌జాయింటా?

సానరాయి:

వీపు తిన్నగా కావాలంటే షీప్స్‌ఫుట్ అనే షేపు అడగండి, పదునంచు తిన్నగా ఉంటుంది, వీపు మొన దగ్గరికొచ్చాకే వంగి దిగుతుంది, పార్సిళ్లకీ పెన్సిళ్లకీ దాన్ని మించింది లేదు. పండు కోయడానికి కూడా బానే ఉంటుంది, పలక మీద ఊపుతూ తరగడానికి మాత్రం పనికిరాదు. సానపెట్టడం కూడా తేలికే, వంపు లేదు కాబట్టి.

ప్రయాణాలంటే లాక్ లేనిదే మేలు. చాలా దేశాల్లో పొడవు ఎంత, లాక్ ఉందా, ఒక్క చేత్తో తెరుచుకుంటుందా అన్న మూడింటి మీదే రూల్సు నడుస్తాయి. బ్రిటన్‌లో చూడండి, లాక్ లేని మడత కత్తి, పదునంచు 3 అంగుళాలు మించకపోతే కారణం చెప్పాల్సిన పనిలేకుండా దగ్గర పెట్టుకోవచ్చు, లాకుంటే ఆ వెసులుబాటు లేదు. 3 అంగుళాలంటే 76 మిల్లీమీటర్లు, మీ బ్లేడ్ 78, రెండు మిల్లీమీటర్ల కోసం ఎందుకు, 75 కి దింపేయండి. విమానంలో మాత్రం ఏదైనా సరే చెక్-ఇన్ సామాన్లోనే.

కొలిమిపక్కన:

నేను స్లిప్‌జాయింట్లే చేస్తా కాబట్టి నాది ఒకవైపు మొగ్గే, అది ముందే చెప్తున్నా. లైనర్ లాక్ అంటే పిడి లోపలి రేకు ఒకటి స్ప్రింగులా పక్కకొచ్చి బ్లేడ్ వెనక నిలబడుతుంది, ఇప్పుడు మనం చూసే రూపానికి దాన్ని తెచ్చింది మైఖేల్ వాకర్. బ్లేడ్ ఎటూ కదలకుండా నిలబడుతుంది, ఒక్క చేత్తో తెరవొచ్చు మూయొచ్చు. చేయించుకుంటే చూడాల్సింది రేకు బ్లేడ్ వెనక ఎంత దూరం వచ్చింది అన్నది, కొత్తలోనే అవతలి చివరిదాకా వచ్చేసి ఉంటే అరిగేకొద్దీ జరగడానికి ఇంక చోటుండదు. టైటానియం రేకైతే స్టీలుకి అతుక్కుని మూసేటప్పుడు పట్టేస్తుంది ఒక్కోసారి, దాన్ని ఎలా సరిచేస్తారో అడగండి.

స్లిప్‌జాయింట్లో లాకేం ఉండదు. వీపు స్ప్రింగు ఒత్తిడి మీదే బ్లేడ్ నిలబడుతుంది. చూడ్డానికి మూడు నాలుగు ముక్కల వస్తువు, కానీ పని చూస్తే అన్నింట్లోకీ కష్టం ఇదే అనిపిస్తుంది నాకు. స్ప్రింగు వీపు మీద వేలితో రాస్తే తెరిచినప్పుడూ మూసినప్పుడూ పిడితో సమానంగా ఉండాలి, గోరు తగలకూడదు. దానికోసం బ్లేడ్ మడమని వెంట్రుకంత రుద్దడం, మళ్లీ బిగించడం, చూడటం, విప్పడం, మళ్లీ రుద్దడం, ఒక్కోసారి ముప్పై సార్లు అవుతుంది నాకు. బ్లేడ్ హార్డ్‌నెస్ 60 రాక్‌వెల్ (గట్టిదనం కొలిచే స్కేలు) దగ్గరుంటే స్ప్రింగుని 45 అటూ ఇటూ దింపాలి, లేకపోతే ఏదో ఒకరోజు విరుగుతుంది. అన్నీ కుదిరినప్పుడు వచ్చే ఆ టక్ మనే శబ్దం, అది వినాలి మీరు. తెరుస్తుంటే ఎక్కడా గీరుకోకుండా జారి చివర్లో తనంతట తనే లాక్కుని టక్ మని పడాలి. మేకర్‌ని వీడియో అడిగినప్పుడు సౌండుతో అడగండి, పాట పెట్టి పంపితే మళ్లీ అడగండి. మూసిన కత్తిని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే స్ప్రింగుకీ లైనర్లకీ (పిడి లోపలి రేకులకీ) మధ్య సందులోంచి వెలుగు రాకూడదు. తెరిచి బ్లేడ్‌ని పక్కలకీ, కిందికీ పైకీ కదిపి చూడాలి, లొటలొటలాడకూడదు.

మీరు చెప్పిన నాలుగు పనుల్లో ఒక్కదానికీ లాక్ అవసరం లేదు. కాకపోతే మొనతో పొడిచే పని, పదును లేని వీపు వైపు బలం పడే పని దాంతో చేయకూడదు, వేళ్ల మీదికి మూసుకుంటుంది.

జేబుచాకు:

అయితే స్లిప్‌జాయింటే. షీప్స్‌ఫుట్, 75 బ్లేడ్, ఏఈబీ-ఎల్, మికార్టా పిడి అని రాస్తున్నా, ఎబొనీ మానేశా. బోల్‌స్టర్లు (పిడి చివర్ల లోహపు ముక్కలు), గోటి గాడి ఆకారం, పిడి వంపు ఇవన్నీ ఆయనకే వదిలేస్తున్నా, అట్ట ఫొటో, చేతి ఔట్‌లైను మాత్రం పంపిస్తున్నా. చివరిగా ఒక్కటి, హాఫ్ స్టాప్ కావాలా అని అడిగాడు. మూసేటప్పుడు మధ్యలో ఆగుతుందట కదా, అది పెట్టించుకోవాలా?

ఎడమచేతివాటం:

పెట్టించుకోండి. బ్లేడ్ 90 డిగ్రీల దగ్గర ఒకసారి ఆగుతుంది, అక్కడ వేళ్లు సర్దుకుని మిగతాది మూయొచ్చు, గట్టి స్ప్రింగున్న కత్తికి అది నిజంగా అవసరం.

కొలిమిపక్కన:

నేనూ పెట్టించుకోమనే అంటా, మొదటి స్లిప్‌జాయింట్ కాబట్టి. ఆయనకి మాత్రం పని పెరుగుతుంది, స్ప్రింగు తెరిచినప్పుడు, మూసినప్పుడు, మధ్యలో ఆగినప్పుడు మూడు చోట్లా పిడితో సమానంగా రావాలి. కొంతమంది మేకర్లు హాఫ్ స్టాప్ లేకుండా గుండ్రటి మడమతోనే చేస్తారు, ఆ కత్తులు తెరుచుకుని మూసుకునే తీరు ఇంకా మెత్తగా ఉంటుంది, అలాంటాయన దగ్గర బలవంతంగా అడగకూడదు. ఇక్కడ ఆయనే కావాలా అని అడిగాడంటే చేయడం వచ్చనే కదా. కత్తి వచ్చాక పివట్ దగ్గర ఒక్క చుక్క నూనె వేసి మెల్లగా తెరవండి, ఆ టక్ ఎలా ఉందో వచ్చి రాయండి.